పడవ విప్పిన చెక్కలు

బిట్రగుంట,
ఆగస్టు 9

ప్రియమైన మామయ్యకు,

నమస్కారం. ఫోను చేస్తే మీకు వినపడదు. అత్త తీస్తే రెండు మాటలకే పెట్టేస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడాయన నన్నొకసారి, నా చేతిలో ఫోన్నొకసారి చూశాడు.

నేను బాగానే ఉన్నాను. రైల్వే కాలనీ వెనక ఒక గది, ముందు చిన్న వరండా. రెబెక్కమ్మ గారి కుట్టు షాపులో పని దొరికింది. సామాను అంటే ఒక ట్రంకు పెట్టె, స్టవ్వు, నులక తెగిన ఒంటి మంచం. బట్టలు తాడు మీద, గిన్నెలు నేల మీద.

విషయానికి వస్తాను. పెంచల్ పడవను ఇటుక బట్టీ వాళ్లు కట్టెల కింద అడిగారని అత్త చెప్పింది. మీ అబ్బాయి సముద్రంలో పోయి నాలుగేళ్లయింది. పడవ ఒక్కటే తిరిగొచ్చి, అప్పట్నుంచీ గట్టు మీద బోర్లా పడి ఉంది. పోయినవాడి పడవెక్కి వేటకు వెళ్లేవాళ్లు మన జాలర్ల కుప్పంలో ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా బట్టీకి ఇవ్వొద్దు మామయ్యా. విప్పి చెక్కలు నాకు పంపండి. అరలు, బల్ల చేసుకుంటాను. నాకు రంపం పట్టడం రాదు. పడవలు కట్టిన చెయ్యి మీది, ఎలా చెయ్యాలో రాస్తే నేర్చుకుంటాను.

ఊరు వదిలి వచ్చేశానని అత్తకు కోపం. మీకూ ఉండొచ్చు. కానీ నాకు ఉన్నది మీరిద్దరే. అది కూడా పోతే బిట్రగుంటలో ఎన్ని బల్లలు చేసుకున్నా నాకు ఇల్లంటూ ఉండదు.

మీ కోడలు
స్వర్ణ


దొరవారిసత్రం,
ఆగస్టు 21

చిరంజీవి స్వర్ణకు దీవెనలు.

కోపం ఉంది. చెక్కలకూ దానికీ సంబంధం లేదు.

పడవ విప్పాను. మూడు రోజులు పట్టింది. కట్టడానికి నలభై రోజులు పట్టింది. పక్క చెక్కలు పదకొండు, అడుగు చెక్కలు నాలుగు గట్టిగా ఉన్నాయి, మిగతాది పుచ్చు. పక్క చెక్కలు ఆరు మన హజరత్తయ్య వ్యానులో పంపుతున్నాను. కావలి దాకా రొయ్యల మేత తోలుతున్నాడు, దారిలో నీ గది ముందు దించుతాడు.

వచ్చిన రోజే రంపం తీయకు. ముందు చెక్క తిరగేసి, మేకుల్ని వెనక నుంచి కొట్టి తీయాలి. ముందు నుంచి పీకితే చెక్క చీలుతుంది. ఆ తర్వాత మంచినీళ్ల తొట్టిలో పది రోజులు నానబెట్టు. రెండు రోజులకోసారి నీళ్లు మార్చు. పదేళ్లు ఉప్పు తాగిన చెక్క అది, అంత తేలిగ్గా కక్కదు. పదో రోజున నాలిక ఆనించి చూడు. ఉప్పగా ఉంటే ఇంకో నాలుగు రోజులు. ఆ తర్వాత నీడలో, చెక్కకూ చెక్కకూ మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా నెల రోజులు ఆరబెట్టాలి. నీకు తొందరెక్కువ. మా ఇంటికొచ్చిన కొత్తలో అన్నం ఉడక్కముందే వార్చిన మనిషివి.

టేపు కొలతలు నాకు పంపొద్దు, ఆ అంకెలు నా కంటికి ఆనవు. నా పద్ధతి నీకు తెలుసు. పడవైనా పీటైనా వాడే మనిషి మూరతోనే నేను కొలుస్తాను. మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఒక మూర. గోడ పొడవు దారం తీసుకుని, నీ మూరకొక ముడి వేసి పంపు. ఎక్కడ కొయ్యాలో బొమ్మ గీసి పంపుతాను.

ముత్యాలయ్య


బిట్రగుంట,
అక్టోబరు 24

ప్రియమైన మామయ్యకు,

దారం పంపగానే మీరు గీసిన బొమ్మ అందింది. అర చేశాను. గోడకు బిగించాను. రెండు వారాలు ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించుకున్నాను. ఇప్పుడు దాని సంగతి చెప్పడానికి నాకు మొహం లేదు.

పది రోజులు నానబెట్టమన్నారు. నేను నాలుగు రోజులే నానబెట్టాను. నెల ఆరబెట్టమంటే పన్నెండు రోజులు. నాలిక ఆనించి చూద్దామంటే పక్కింటివాళ్లు వరండాలోనే కూర్చుని ఉన్నారు, సిగ్గేసింది. మొన్న వానలు మొదలుకాగానే చెక్కకు చెమట పట్టింది. దాని మీద పెళ్లివాళ్ల తెల్ల పట్టు జాకెట్టు గుడ్డలు నాలుగు పెట్టి ఉన్నాయి. అన్నిటికీ గోధుమరంగు మరకలు. రెబెక్కమ్మ గారు చూసి, “ఏంది స్వర్ణా, ఊళ్లో అందరి గోడలకీ వానకు చెమ్మొస్తే మీ ఇంట్లో అరకొస్తా ఉండాదే!” అన్నారు. ఆదివారం రెండు పూటలా కూర్చుని మరకలు వదలగొట్టాను.

బల్ల మాత్రం బాగా కుదిరింది. పాత సామాన్ల కొట్లో విరిగిన కుట్టుమిషను ఇనప స్టాండు దొరికింది. తుప్పు గీకి నల్లరంగు వేశాను. పైన రెండు చెక్కలు పక్కపక్కన పెట్టి, కింద నుంచి బోల్టులు బిగించాను. ఈ రెండింటినీ మీరు చెప్పినట్టే పది రోజులు నానబెట్టినందుకు ఇంతవరకు చెమ్మ రాలేదు. ఇస్త్రీకి వాడుతున్నాను. పాత వలతాడు అల్లి ఒక స్టూలుకు కూర్చునే చోటు కూడా కట్టాను.

ఒక మాట అడుగుతాను. ఆ చెక్క మీద మొదటిసారి చెయ్యి పెట్టినప్పుడు ఏడుపు వస్తుందని భయపడ్డాను. రాలేదు. బల్ల ఎత్తు సరిగ్గా ఉందా లేదా అనే చూశాను. అది తప్పా మామయ్యా?

మీ కోడలు
స్వర్ణ


దొరవారిసత్రం,
నవంబరు 3

చిరంజీవి స్వర్ణకు దీవెనలు.

తప్పు కాదు. బల్ల ఉన్నది ఇస్త్రీ చేసుకోవడానికి.

అర విప్పి మళ్లీ నానబెట్టు. ఈసారి పది అంటే పది. నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. “నాలికతో చూడమంటే సిగ్గుపడిందంటనా? చేపల పులుసులో ఉప్పు చూసేటప్పుడు లేని సిగ్గు దీనికెందుకంట!” అని నవ్వింది. మా ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది.

అడుగు చెక్కలు నాలుగూ ఇక్కడే నానబెట్టి ఆరేశాను. మందం చెక్కలు. ఏదైనా పెద్ద పని ఉంటే చెప్పు.

ముత్యాలయ్య


బిట్రగుంట,
డిసెంబరు 12

ప్రియమైన మామయ్యకు,

అర బాగుపడింది. నాలిక ఆనించి చూశాను, పక్కింటివాళ్లు చూస్తుండగానే.

పెద్ద పని ఉంటే చెప్పమన్నారు. నాకు మంచం కావాలి. ఉన్నదానికి నులక మార్చినా నిలిచేట్టు లేదు, కోళ్లు కదిలిపోయాయి. కోళ్లకు బెజ్జాలు తొలిచి పట్టెలు దించడం నా వల్ల కాదు, మీరే చేసి పంపండి. ఆ నాలుగు అడుగు చెక్కలతోనే చెయ్యండి. వెడల్పు ఇద్దరికి సరిపడాలి. రెబెక్కమ్మ గారి కూతురు అబిగయీలు అప్పుడప్పుడు నా దగ్గరే పడుకుంటుంది. దారాలు రెండు పెట్టాను, పొడవుకు ఒకటి, వెడల్పుకు ఒకటి.

మీతో ఒక సంగతి చెప్పాలి. రెండుసార్లు రాసి చించేశాను. మంచం పని అయ్యాక చెబుతాను. అత్తను అడిగానని చెప్పండి.

మీ కోడలు
స్వర్ణ


దొరవారిసత్రం,
డిసెంబరు 22

స్వర్ణకు,

దారాలు అందాయి. అర కోసం నువ్వు పంపిన దారం మేకుకు తగిలించి ఉంచాను. కొత్తదాన్ని దాని పక్కన పెట్టి చూశాను. ముడికీ ముడికీ మధ్య రెండంగుళాల పైనే తేడా ఉంది. ముప్పై రెండేళ్ల మనిషికి చెయ్యి పెరగదు. ఆ అబిగయీలు ఎంత పొడుగు పిల్లయినా ఆడపిల్ల మూర అంత ఉండదు.

ముడులు కూడా నీవి కావు. నువ్వు వేసేది వల ముడి, బిగిస్తే గింజంత కనపడుతుంది. ఇవి రెండేసి చుట్లు తిప్పి వేసినవి. కరెంటు తీగలు కట్టేవాళ్లు అలా వేస్తారు. కాబట్టి నీ గదిలో ఒక మగమనిషి మోకాళ్ల మీద కూర్చుని మంచం ఎంత ఉండాలో కొలిచాడు. పొడుగు మనిషి.

నీకు పెళ్లి చేసుకునే ఉద్దేశం ఉంటే అది నీ ఇష్టం. నాకు అబద్ధం ఎందుకు రాశావో అది చెప్పు. మంచం పని ఆపాను. మీ అత్తకు ఇంకా చెప్పలేదు.

ముత్యాలయ్య


బిట్రగుంట,
డిసెంబరు 30

ప్రియమైన మామయ్యకు,

మీ ఉత్తరం అందింది. మీకు మూర ముఖ్యమని తెలిసి కూడా, దారంతోనే బయటపడుతుందని నాకు తోచనేలేదు. దారం ఒక కొస నేను పట్టుకున్నాను. మూర వెయ్యడం అతనికి నేనే చూపించాను. “మీ మామగారి పద్ధతి భలే ఉందే” అని ముచ్చటపడి, అతనే కొలిచి, అతనే ముడులు వేశాడు. నేను మడిచి కవర్లో పెట్టాను.

అతని పేరు విజయభాస్కర్. రైల్వేలో సిగ్నళ్ల పని. వాళ్లది చిట్టమూరు దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. భార్య జబ్బు చేసి పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. యూనిఫారం పొడవు తగ్గించమని షాపుకొచ్చాడు. మూడోసారి పొడవు తగ్గించమన్నప్పుడు రెబెక్కమ్మ గారికి అనుమానమొచ్చింది. నాకు ఇంకా ముందే వచ్చింది. వాళ్లమ్మ ఒప్పుకుంది. ఫిబ్రవరి నెలాఖరులో చేసుకుందామంటున్నాడు.

అబద్ధం భయంతో రాశాను. ఈ పెళ్లయితే నేను మీకు ఏమవుతానో నాకు తెలియడం లేదు. కోడల్ని కాను. మామయ్యా అని రాస్తే మీరు ఊరుకుంటారా, నా ఉత్తరం అత్త ముట్టుకుంటుందా? మీరు వద్దంటే మానేస్తానని రాయను, అది ఇంకో అబద్ధం అవుతుంది. చేసుకుంటాను. కానీ మీరు నన్ను వదిలేస్తే నా పెళ్లి నాకే బరువు.

ఆ చెక్కలతోనే మంచం చెయ్యమన్నది ఎందుకంటే, పెంచల్‌ను నేను పక్కన పెట్టెయ్యలేదని మీకు తెలియాలని. అతనికీ చెప్పాను, సరే అన్నాడు. ఈ ఉత్తరం అత్తకు చదివి వినిపించండి. దాచొద్దు.

మీ స్వర్ణ


దొరవారిసత్రం,
ఫిబ్రవరి 6

చిరంజీవి స్వర్ణకు దీవెనలు.

ఆలస్యమైంది. నీ ఉత్తరం మీ అత్తకు చదివాను. ఆ పూట ఆమె అన్నం తినలేదు. నేను తిన్నాను, ఆకలేసింది. ఆ తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు. పొడుగు చేతుల మనిషిని నీకు నేనే వెతికి పెట్టినట్టు చూసింది.

సంక్రాంతి వెళ్లాక మంచం పని మళ్లీ మొదలుపెట్టాను. కోపం పోయి కాదు. సగంలో ఆపిన పని కళ్ల ముందుంటే నాకు తోచదు. అడుగు చెక్కల మీద గీతలు గీసి రంపం తీసుకున్నాను. అప్పుడు మీ అత్త కొట్టం దగ్గరికొచ్చి నిలబడింది.

“ఏం చేస్తుండావు?” అంది.

“ఆ అమ్మాయికి మంచం.”

“ఈ చెక్కతోనా?”

“అదే అడిగింది.”

“అది అడిగితే నువ్వు చేసేదేనా? నీకు బుద్ధుందా? పెళ్లి చేసుకుని పోయే పిల్ల నడుం కింద నా కొడుకు పడవ పెడతావా? అది బతికినన్నాళ్లూ వాడి మీదే పడుకోవాల్నా? బల్లకి పెట్టినావు, బాగుండాది. అరకి పెట్టినావు, బాగుండాది. మంచానికి వద్దు.”

“మరి చెక్క యాడుంది?” అన్నాను.

లోపలికి పోయింది. మా మంచం మీద పక్క తీసి నేల మీద పడేసింది. ఆ మంచాన్ని ఒక్కతే వరండాలోకి ఈడ్చుకొచ్చింది. వేప కోళ్ల మంచం, ఆమె పెళ్లికి వాళ్ల నాయన చేయించింది. “ముప్పై ఆరేళ్లు కాపురం చేసినాం దీని మీద. ఎన్ని తిట్టుకున్నా ఒక్క కోడు కదల్లా. దీన్ని విప్పు,” అంది.

విప్పాను. కోళ్లు, పొడవు పట్టెలు పనికొచ్చాయి. అడ్డపట్టెలు మీ ఇద్దరికీ పొట్టివయ్యాయి. దొడ్డి తలుపు విప్పి దాంట్లోంచి కొత్తవి తీశాను. ఇప్పుడు దొడ్డి వాకిలికి తాటాకు దడి కట్టుకున్నాం. మంచం పొడవు అతని మూరతో పెట్టాను, ఎత్తు నీ మూరతో పెట్టాను. దిగేటప్పుడు నీ కాళ్లు నేలకు అందాలి. నులక బదులు మీ అత్త తన పాత చీరలు చించి మెలి తిప్పి పట్టీలల్లింది. రంగుల పొందిక గురించి ఏమీ అనకు, ఆమె చాలా ఆలోచించి కలిపింది.

కోడల్ని కాను అని రాశావు. అది ఆమెకు చదవకుండా దాటేశాను గానీ పసిగట్టి మళ్లీ చదివించుకుంది. “ఎవరన్నారంట? పెళ్లి చేసుకుంటే చేసుకోనీ. అత్తను నేనుండంగా ఇంకో అత్త వస్తే ఇద్దరత్తలు. దానికే కష్టం,” అంది. నేను చెప్పేదీ అదే. మామయ్యా అనే రాయి. వేరే ఏదన్నా రాస్తే విప్పకుండా తిప్పి పంపుతాను.

పెళ్లికి మీ అత్త రాదు. వస్తే ఏడుస్తుంది, ఆ పూట ఏడవకూడదు అంది. నేను వస్తాను. మంచం వ్యానులో వేసుకుని వచ్చి నేనే బిగిస్తాను. సుత్తి అతన్ని పట్టుకోమను, పనిచేసే చెయ్యో కాదో చూడాలి. నెల రోజులు పోయాక మీరిద్దరూ ఇక్కడికి రండి. అప్పటికి ఆమె కుదుటపడుతుంది.

అడుగు చెక్కలు నాలుగూ నా దగ్గరే ఉంచుకుంటున్నాను. వాటితో ఏం చెయ్యాలో నాకు తెలియదు. అవి ఇంట్లో ఉండటం మా ఇద్దరికీ ఇష్టమే, చాలు.

మేమిద్దరం వారం రోజులుగా చాప మీద పడుకుంటున్నాం. నాకు నడుము పట్టేసింది, లేవాలంటే గోడ పట్టుకోవాలి. మీ అత్త కామమ్మ మాత్రం పడుకోగానే నిద్రపోతోంది, తెల్లారే దాకా లేవడం లేదు. పెంచల్ పోయాక ఆమె అలా నిద్రపోవడం ఇదే మొదలు. నీకు చెప్పమని ఆమె అనలేదు. నేనే రాస్తున్నాను.

ముత్యాలయ్య