జానెడు ఎత్తున వెలగాల్సిన లైట్లూ, వాటి కింది మొక్కలూ

ఫొటో స్టూడియోలో పని మానేసేదాకా మనుషుల మొహాల మీద లైట్లు సర్ది, ఇప్పుడు మొక్కల మీద సర్దుకుంటున్న నేను, చుట్టాలందరూ "లైట్ల అక్క" అని పిలిచే మనిషిని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. తెలివి సరిగానే ఉందని డాక్టరు చెప్పాడు. ఓపిక సంగతి అడగలేదు. అడిగితే అది ఎప్పుడో అయిపోయిందని చెప్పేదాన్ని.

నా చరాస్తి: నా గదిలోని సక్యులెంట్ మొక్కలు, అంటే ఆకుల్లోనే నీళ్లు దాచుకునే ఆ బొద్దు మొక్కలు, ఎండకు బదులుగా వాటి మీద వెలిగే గ్రో లైట్లు, ఆ లైట్లను వేళకు వెలిగించి ఆర్పే ఒక టైమరు. ఈ లైట్లు సరదాకి కొన్నవి కావు. పక్క స్థలంలో నా తమ్ముడు మూడంతస్తులు లేపాడు. ఆ గోడతో నా కిటికీలోకి వచ్చే ఎండ పోయింది. "ఎండదేముందక్కా, లైటేసుకో" అన్నాడు. వేసుకున్నాను. ఆ రోజు నుంచి వాడితో మాటల్లేవు.

1. ఊదారంగు లైటు, మొట్టమొదట కొన్నది. మొక్కలకు ఈ రంగే కావాలని దుకాణంవాడు నమ్మబలికాడు. మొక్కలు బతికాయి, కాదనను. కానీ ఆ వెలుగులో ఆకు పచ్చగా ఉందో, పాలిపోయిందో, పురుగు పట్టిందో ఏమీ తెలియదు. దీన్ని నా కొడుక్కి దఖలు పరుస్తున్నాను. గదిని సినిమా హాలులా చేసుకోవాలని వాడికి చిన్నప్పటి నుంచి కోరిక. చేసుకోనీ.

2. క్లిప్పుతో బిగించే చిన్న తెల్ల లైటు నా కోడలికి. ఇది ఇదివరకే ఆమె స్వాధీనంలో ఉంది. ఫోనులో మొహం చూసుకోవడానికి "ఐదు నిమిషాలే అత్తయ్యా" అని తీసుకెళ్లింది. కొంచెం పక్కకు తిప్పుకుంటే ముక్కు నీడ పడదు. ఈ సలహా కూడా ఆస్తిలో భాగమే.

3. టైమరు నా భర్తకు. బస్సు డిపోలో టైమ్ కీపరుగా ఉండి, ఒక్క బస్సునూ ఆలస్యంగా కదలనివ్వని మనిషి. ఇంట్లో మాత్రం ఫోను ఛార్జింగుకు రోజూ ఆ టైమరునే పీకుతారు. పీకినంతసేపూ దాని గడియారం ఆగిపోతుంది. అలా రోజుకింత వెనకబడి, పొద్దున వెలగాల్సిన లైటు ఇప్పుడు సాయంత్రం వెలుగుతోంది. మొక్కలకు పన్నెండు గంటల వెలుగు ఎంత అవసరమో, ఆ తర్వాత చీకటీ అంతే అవసరమని చెవినిల్లు కట్టుకుని పోరాను. "మొక్కలకేం డ్యూటీ ఉందే" అన్నారు. ఉంది.

4. పొడవాటి తెల్ల లైటు, ఉన్నవాటిలో మంచిది. ఇదీ ఆయనకే. నేను మోకాలి ఆపరేషనుకు నెలరోజులు ఆసుపత్రిలో ఉండగా, గదంతా వెలుగొస్తుందని దీన్ని తీసుకెళ్లి సీలింగుకు కట్టారు. వెలుగు చాలక మొక్కలు మెడలు సాచి, ఆకుకీ ఆకుకీ మధ్య ఖాళీలతో గడకర్రల్లా సాగాయి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి "ఎంత ఏపుగా పెరిగాయో" అని మురిసిపోయి, నాకు ఫొటోలు పంపారు. అవి చూసి మంచం మీదే ఏడ్చాను. ఆకలికి సాగడాన్ని ఎదుగుదల అనుకునే ఇంట్లో, నా తర్వాత ఈ మొక్కల్ని ఎవరి చేతిలో పెట్టను?

కనుక షరతులు. లైటు మొక్కల తలలకు జానెడు ఎత్తున ఉండవలెను. మొక్క సాగితే దించాలి. ఆకు కొసలు మాడితే ఎత్తాలి. అట్టపెట్టె మీది వాట్లు కాదు, మొక్కను చూడాలి. ఈ లైటు కింద ఒక్క కుండీ మాత్రం ఆయన మంచం పక్కన ఉంచవలెను. పొద్దున లేవగానే స్విచ్చి వేయడానికి ఆయనకో పని ఉండాలి. నేను లేని ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాదు.

5. మిగతా మొక్కలన్నీ. ఇక్కడే చాలా కాగితాలు చింపాను. కొడుకు నీళ్లు పోసి చంపుతాడు, కోడలు మరిచిపోయి చంపుతుంది. వాటికి కావాల్సింది ఎండ. నా ఎండ నా తమ్ముడి మేడ మీద ఉంది. ఇన్నేళ్లుగా అక్కడ విరిగిన కుర్చీల మీద పడి వృథా అవుతోంది. నా పంతంతో మొక్కలకేం పని? అందుచేత వీటిని నా తమ్ముడికి సర్వహక్కులతో ఇస్తున్నాను. లైటు కింద పెరిగినవాటిని ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే మాడిపోతాయి. ముందు నీడన, తర్వాత పొద్దుటి ఎండలో, నిదానంగా అలవాటు చేయవలెను.

6. పై అంశాలన్నీ నా తదనంతరం అమలులోకి రావలెను. ఐదోది మాత్రం అందాకా ఆగనక్కర్లేదు. వాడు మెట్లు దిగి వచ్చి నా తలుపు కొడితే, ఆ రోజే అమలు. నేనే మోసుకెళ్దామంటే మోకాలు ఒప్పుకోదు. దీని నకలొకటి ఈరోజే వాడి తలుపు కింద నుంచి లోపలికి వేయించవలెను.

అమలు బాధ్యత కోడలిది. క్లిప్పు లైటు ఇక తిరిగి అడగను.

తేదీ: ఫిబ్రవరి పన్నెండు, ఉదయం (టైమరు లెక్కలో నిన్నటి సాయంత్రం).

సంతకం: అక్క

సాక్షులు:

కింది వాటా కళ్లద్దాల దుకాణం యజమాని.

మోకాలికి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి. నకలు తలుపు కింద నుంచి వేసింది నేనే. సగం లోపలికి పోయేసరికి అటువైపు నుంచి ఎవరో లాక్కున్నారు.