నాలుగు ఊళ్లు, ఒక నది

6 జనవరి 2019, ఆదివారం

లిస్టు వచ్చింది. నా పేరు ఉంది. జూనియర్ అసిస్టెంట్ స్వర్ణ, పాలమూరు. భారతదేశ చరిత్రలో ఈ ఘట్టాన్ని వేరే ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను.

అమ్మకు చెప్పాను. ఏడవలేదు, దిష్టి తీయలేదు. "ఇగ నేను మునుగొచ్చు" అంది.

రికార్డు కోసం: కాగితాల మీద మేము హిందువులం, ఎస్సీ. ఆదివారం మాత్రం చర్చి. బాప్తిస్మం తీసుకుని క్రైస్తవులమని రాసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. అందుకని ముందు నా చదువు కోసం, తర్వాత నా నౌకరి కోసం, అమ్మ పంతొమ్మిదేళ్లు నీళ్లలో దిగకుండా ఆగింది. ప్రతి ఈస్టర్‌కూ ఎవరో ఒకరు మునుగుతారు. అమ్మ పక్కన టవల్ పట్టుకుని నిలబడుతుంది. మా చర్చికి అఫీషియల్ టవల్ హోల్డర్.

9 జనవరి

మునగడమంటే చర్చి వెనక సిమెంటు తొట్టి అనుకున్నాను. కాదట. యొర్దాను నదేనట. మార్చిలో పాస్టర్‌గారు నలభై మందిని తీసుకెళ్తున్నారు. పది రోజులు, నాలుగు ఊళ్లు: అమ్మాన్, బేత్లెహేము, యెరూషలేము, కైరో. పదిహేడేళ్లు హాస్టల్ పిల్లలకు వండి దాచుకున్నదంతా దీనికేనట. ఇద్దరికీ.

నేనెందుకమ్మా అన్నాను. "ఒడ్డు మీద తువ్వాల ఎవలు పట్టుకుంటరే?" అంది. వారం తిరగకుండానే ప్రమోషన్.

కైరో అంటే బైబిల్లో ఐగుప్తే అని చెప్పాను. ఫరో ఉంటడా అని అడిగింది. పిరమిడ్లో ఉన్నాడన్నాను. "ఉండనీ, సచ్చినోనితోని మనకేం పని" అంది.

28 జనవరి

పాస్‌పోర్ట్ ఆఫీసులో వేలిముద్రల మిషన్ అమ్మ వేళ్లను నాలుగుసార్లు వద్దంది. పొయ్యి దగ్గర కాలి కాలి గీతలు అరిగిపోయాయి. ఐదోసారి ఒప్పుకుంది. బయటకొచ్చాక అమ్మ ఆ వేళ్లను చాలాసేపు చూసుకుంది, పరీక్ష పాసైన పిల్లల్ని చూసినట్టు.

తెల్లచీర కొన్నది. రోజూ మడత విప్పుతుంది, పెడుతుంది. సర్వపిండి ఎన్నాళ్లు ఆగుతుందో లెక్క వేస్తోంది. విమానంలో పెడతారమ్మా అంటే, "వాండ్లు పెడ్తే వాండ్లది తిందాం, మనది మనకుండాలె" అంది.

3 ఫిబ్రవరి

ఈ రోజు నేను ఒక మహత్కార్యం చేశాను. ఫ్లెక్సీ. కౌన్సిలర్ బర్త్‌డేకు ఉంటుంది, క్రికెట్ టీమ్‌కు ఉంటుంది, మా అమ్మకు ఎందుకు ఉండకూడదు?

షాపువాడు బంగారు గుమ్మటం పెట్టాడు, పక్కన ఒంటె, పైన విమానం. అమ్మ ముఖం ఒంటె ముఖం కన్నా చిన్నగా వచ్చింది. కింద నేనే రాశాను: "యొర్దాను నదిలో బాప్తిస్మం పొందబోతున్న శ్రీమతి బిక్షమ్మ గారికి శుభాకాంక్షలు. ఇట్లు, కూతురు స్వర్ణ, జూనియర్ అసిస్టెంట్ (సెలెక్టెడ్)."

కాలనీ మూల మీద కట్టించాను. అమ్మ ముందు తిట్టింది. తర్వాత పాలకని రెండుసార్లు, కొత్తిమీరకని ఒకసారి అటే వెళ్లింది.

14 ఫిబ్రవరి

ప్రేమికుల రోజు. నాకూ ఒక లెటర్ వచ్చింది. తహసీల్ ఆఫీసు నుంచి.

నా కుల ధ్రువీకరణ మీద ఫిర్యాదు. కుటుంబం క్రైస్తవ మతంలో ఉన్నదని. సాక్ష్యంగా ఫ్లెక్సీ ఫోటో, కలర్‌లో. విచారణ ఇరవై రెండున, ఇంటి దగ్గరే. లిస్టులో పేరొస్తే అయిపోయిందనుకున్నాం. వెరిఫికేషన్ మిగిలే ఉందని డిగ్రీ చదివిన నాకు గుర్తు లేదు.

ఫ్లెక్సీ నేనే విప్పాను. తాళ్లు గట్టిగా కట్టారు.

17 ఫిబ్రవరి, ఆదివారం

ఫిర్యాదు చేసింది రాంచందర్. లిస్టులో నా తర్వాతి నంబరు, వెయిటింగ్. మా చర్చిలో డోలక్ అతనే కొడతాడు. అతని సర్టిఫికెటూ నాదాని లాంటిదే.

పాటలయ్యాక పట్టుకుని అడిగాను. తల వంచుకుని, "నేనైతే ఫ్లెక్సీ కట్టలేదు గదక్కా" అన్నాడు.

 

19 ఫిబ్రవరి

టూర్ మానమని అమ్మను నేను అడగలేదు. ఈ మాట ఏ కోర్టులోనైనా నిలబడుతుంది. నేను చేసిందల్లా లెటర్‌ను గట్టిగా చదివి, కంచం పక్కన పెట్టి, ఊరుకోవడం.

అమ్మ అన్నం కలుపుతూ విన్నది. రెండు ముద్దలు తిన్నది. "పాస్టరయ్యకు ఫోన్ చెయ్యి, మన పేర్లు తీసెయ్యమను" అంది.

వద్దమ్మా అన్నాను. ఒక్కసారి. రెండోసారి అంటే సరే అంటుందేమోనని భయమేసి అనలేదు.

22 ఫిబ్రవరి, ఉదయం 10

వేదిక సిద్ధం. వాక్యం క్యాలెండర్ దిగింది. బైబిల్ బియ్యం డబ్బాలోకి వెళ్లింది. పక్కింటి గోపమ్మత్త ఎల్లమ్మ పటం అరువిచ్చింది. క్యాలెండర్ ఉన్నచోట గోడ తెల్లగా మిగిలింది, పటం దానికి చాల్లేదు. నేను బొట్టు పెట్టుకున్నాను. బాగానే ఉన్నాను. అదే బాగాలేదు.

రాత్రి 8

విచారణకు వచ్చిన ఆర్‌ఐ గారు మంచివారు. ఛాయ్ తాగారు. గోడ చూశారు.

ఫ్లెక్సీ సంగతేమిటని అమ్మను అడిగారు. "పోరికి తమాషాలెక్కువ సారూ, ఒట్టిగనే కట్టింది" అంది. చర్చికి పోతావా అంటే, పాటలు మంచిగుంటయని పోయేదాన్ని, ఇగ పోను అంది. ఏసును నమ్ముతావా అన్నారు.

"నమ్మను సారూ" అంది. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా.

ఆ మాటే రాసిన కాగితం మీద సంతకం పెట్టింది. హాస్టల్ రిజిస్టర్‌లో పెట్టినట్టే, పూర్తి పేరు, వంకర లేకుండా.

ఆయన వెళ్లాక బియ్యం డబ్బా తెరుస్తుందనుకున్నాను. తెరవలేదు. సాయంత్రం గోపమ్మత్త ఇంటి నుంచి బియ్యం అడిగి తెచ్చింది.

11 మార్చి

ముప్పై ఎనిమిది మందితో బస్సు మా ఇంటి ముందు నుంచే వెళ్లింది. హారన్ కొట్టలేదు.

20 మార్చి

ఆర్డర్ వచ్చింది. జాయినింగ్ ఏప్రిల్ ఒకటి. ఈ జోకు నాది కాదు.

24 మార్చి, ఆదివారం

పాస్టర్‌గారి భార్య అరుణమ్మ వచ్చింది. అమ్మ కోసం చిన్న సీసాలో యొర్దాను నీళ్లు తెచ్చింది.

అమ్మ గడపలోనే నిలబడి, చెయ్యి చాపకుండా, గట్టిగా అంది: "గవి మాకెందుకమ్మా? మేం గాళ్లం కాము."

వీధిలో ఎవరూ లేరు. అమ్మ నా వైపు తిరిగింది, సరిగ్గానే చెప్పానా అన్నట్టు.

తల ఊపాను.