అద్దంలో దారి

చిరంజీవి చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ అమ్మ, గోడ గడియారం ముగ్గురం క్షేమం. గడియారం మాత్రం రోజూ కాస్త వెనకబడుతోంది. దాన్ని తిట్టే పని దొరికింది కాబట్టి మీ అమ్మ నా జోలికి రావడం లేదు. నువ్వు వేళకు తిని, వేళకు నిద్రపోతున్నావని అనుకుంటున్నాను. కాకపోయినా అవుననే రాయి, నీ ఉత్తరాలు మీ అమ్మకు చదివి వినిపించేది నేనే కదా.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. కానీ మీ అమ్మ అడిగితే తగ్గలేదని రాయి, ఎందుకో తర్వాత చెబుతాను. కుట్టుమిషన్ బాగుపడింది. నేనే విప్పి బిగించాను. ఒక మర మిగిలిపోయింది, అయినా శుభ్రంగా నడుస్తోంది. ఇక, ఉయ్యాల ఎప్పుడు దిగుతావు నాన్నా అన్నావు. నీకు ఉద్యోగం వచ్చిన మర్నాడే దిగిపోతానని మాట ఇచ్చింది నేనే, మరిచిపోలేదు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు కబుర్లు చదువు.

అద్దాల మేడ పైనుంచి తాళ్ల మీద వేలాడే ఆ ఇనుప తొట్టి ఉయ్యాలలో నాకు జోడీ ఎప్పుడూ వసపిట్టే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. వాడు పెళ్లాం తిట్లు, పక్కింటి గొడవలు చెబుతూ నీళ్లు కొడతాడు, నేను వింటూ వైపర్ లాగుతాను. నా పనితనం నీకు తెలుసు. నేను తుడిచాక అక్కడ అద్దం ఉందని ఎవరికీ అనుమానం రాకూడదు. కోతలు కోస్తున్నానని నవ్వకు.

ఆ పనితనానికే ఈమధ్య ఒక చెడ్డపేరు వచ్చింది. కింద బల్ల దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకునే అమ్మాయి ఒకరోజు నన్ను ఆపి, "బాబాయ్, మీరు కాస్త మురికిగా తుడవకూడదూ?" అంది. అలాంటి మాట జన్మలో వినలేదు. నా మొహం చూసి, మేడ వెనక్కి తీసుకెళ్లి ఒక చెప్పుల పెట్టె మూత తీసింది. లోపల గుడ్డలో చుట్టిన చిన్న పిట్ట, పసుపుపచ్చ పొట్ట. ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది, కానీ మెడ వాలిపోయింది.

"అద్దంలో ఆకాశం ఉంటుంది బాబాయ్, ఎదురుగా ఉన్న పార్కు చెట్లు కూడా ఉంటాయి. అది గోడ అని దానికెలా తెలుస్తుంది? దారి అనుకుని వచ్చేస్తాయి" అంది. రోజూ పొద్దున్నే ఊడ్చేవాళ్ల కంటే ముందే వచ్చి వాటిని ఏరుతుందట.

మా మేనేజరు ఆ పిల్ల పోరు పడలేక ఒక గద్ద బొమ్మ తెప్పించి లోపలివైపు అంటించాడు. మర్నాడే ఒక పావురం వచ్చి సరిగ్గా గద్ద పక్కన కొట్టుకుంది, పలకరించడానికి వచ్చినట్టు. బొమ్మ ఒక్కటి చాలదని, లోపల అంటిస్తే దాని మీదా ఆకాశమే కనిపిస్తుందని ఆ అమ్మాయి మొత్తుకుంది. గీతలో చుక్కలో బయటివైపే ఉండాలట, అద్దమంతా ఉండాలట, మధ్యలో మూడు వేళ్ల ఎడం మించకూడదట. మించితే ఆ సందులోంచి దూరిపోవచ్చనుకుంటాయట. మేనేజరు వినలేదు. "ఇంత ఖర్చుపెట్టి అద్దాల మేడ కట్టింది చారలు గీసుకోవడానికా?" అన్నాడు. నిజం చెప్పాలంటే అప్పుడు నేనూ ఆయన పక్షమే.

ఆ రోజుల్లోనే వసపిట్ట మాట్లాడడం మానేశాడు. ఏదో ఒక పూట నుంచి వాడి నోరు కట్టేసినట్టు అయిపోయింది. నీళ్లు కొడతాడు, నా వంక చూస్తాడు, ఒక చెయ్యి ఎప్పుడూ నా నడుం బెల్టు మీదే ఉంచుతాడు. "నేనేమన్నా పసిపిల్లాడినట్రా?" అని కసిరితే తల దించుకుంటాడే తప్ప చెయ్యి తియ్యడు. ఇంట్లో గొడవేమో అనుకుని ఊరుకున్నాను. అంత ఎత్తున తాళ్ల కిర్రు తప్ప ఇంకో చప్పుడు లేకుండా పని చెయ్యడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది.

తర్వాత ఉక్క ముదిరింది. లోపల ఏసీ చలి, బయట ఉక్క, తెల్లవారేసరికి అద్దాలకు బయటివైపు చెమ్మ పట్టింది. ఎండ రాకముందే ఉయ్యాల దింపుకుంటూ పార్కు వైపుకి వచ్చాం. అక్కడ నేను చూసింది ఎలా రాయాలో తెలియడం లేదు. ఇన్నాళ్లూ నేను తుడిచేసిన పిట్టలన్నీ తిరిగి వచ్చాయి. ఈకల జిడ్డు ఎంత తుడిచినా అద్దాన్ని పూర్తిగా వదలదట, అక్కడ చెమ్మ పట్టదట. ఇవన్నీ తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం అద్దం నిండా రెక్కలు విప్పిన పిట్టలు, ఈక ఈకా విడివిడిగా, కొన్నింటికి కన్ను ఉండాల్సిన చోట గుండ్రటి మచ్చతో సహా. అన్నీ లోపలికి వెళుతున్నట్టే ఉన్నాయి. ఒక్కటి కూడా బయటికి వస్తున్నట్టు లేదు. 

ఇంకాస్త దిగాక, పిట్టల మధ్యలో రెండు అరచేతులు కనిపించాయి. వాటి మధ్య ఒక నుదురు. మనిషి నిలబడే చోటు కాదమ్మా అది, కింద అన్నీ బొమ్మల్లా కనిపించే ఎత్తు. ఎడమ అరచేతికి చిటికెన వేలు సగమే ఉంది. ఆ వేలు నీకు తెలుసు. నీ చిన్నతనంలో నువ్వు తలుపు వేస్తే నలిగి సగమైన నా వేలు అదే.

వసపిట్ట వైపు తిరిగాను. వాడి కళ్ల నిండా నీళ్లు.

"బెల్టు హుక్కు తీసేశావన్నా" అన్నాడు. "నవ్వుతూ తీశావు. ఒరేయ్, ఇటు దారుంది రా, అన్నావు. కమ్మీ మీదికి ఎక్కి అటు వాలిపోయావు. బెల్టు పట్టుకుని వేలాడాను. నువ్వెళ్లి అద్దానికి కొట్టుకున్నావు. తొట్టిలోకి లాగాక నువ్వే హుక్కు తగిలించుకుని, ఏం జరగనట్టు మళ్లీ తుడవడం మొదలెట్టావు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే గుర్తొచ్చి మళ్లీ వెళతావేమోనని భయమేసిందన్నా."

అప్పట్లో నా నుదుటి మీద బొప్పి చూసి మీ అమ్మ అడిగితే, కమ్మీ తగిలిందని చెప్పాను. అబద్ధం చెప్పలేదు తల్లీ, నేను నిజంగా అలాగే అనుకున్నాను. వాడు చెప్పాక మాత్రం కొంచెం గుర్తొచ్చింది. అద్దంలో చెట్ల మధ్య దారి కనిపించింది, ఎండ పడుతోంది, చల్లగా ఉంటుందనిపించింది. అద్దంలో నా ఎదురుగా తుడుస్తున్న మనిషి, నా చెయ్యి ఆగాక కూడా ఇంకాసేపు తుడిచి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. నాకు ఏమాత్రం భయం వెయ్యలేదు. ఇప్పుడు భయమంతా దానికే.

డాక్టరుకు చూపించుకున్నాను. కళ్లు, తల, గుండె అన్నీ చూసి, బాగానే ఉన్నావు పెద్దాయనా అన్నాడు.

ఇంతలో మేనేజరు గదిలో ఏదో మీటింగు జరుగుతుంటే ఒక పావురం వచ్చి కొట్టుకుందట. రెక్కల ముద్ర అద్దం మీద సరిగ్గా ఆయన తల వెనక పడిందట. మర్నాటికల్లా చారలకు ఒప్పుకున్నాడు. తెల్లటి సన్న పట్టీలు, బయటివైపు, మూడు వేళ్ల ఎడంతో. పైఅంతస్తులు వసపిట్ట ఇంకొకణ్ని తోడు పెట్టుకుని అంటించాడు, కింద అంతస్తు నేను నేల మీద నిలబడి అంటించాను. ఆ అమ్మాయి చెప్పుల పెట్టెలు ఖాళీగా ఉంటున్నాయి. పిట్టలు అద్దం దాకా వచ్చి పక్కకు తిరిగిపోతుంటే చూడముచ్చటగా ఉంది. వసపిట్ట మళ్లీ వాగుతున్నాడు.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు, దిగిపోయాను. మోకాలి నొప్పి వల్ల దిగానని మీ అమ్మకు చెప్పాను.

దిగితే సరిపోతుందనుకున్నాను. కానీ అద్దాలు కింద కూడా ఉన్నాయి. మొన్న బజారులో బట్టల కొట్టు ముందు ఎవరో నా రెక్క పట్టుకుని లాగారు. "తలుపు అటు కాదండీ" అన్నారు. నేను నవ్వుతున్నానట.

ఇంటికి వచ్చి సబ్బు ముక్క తీసుకుని కిటికీలన్నింటికీ గీతలు గీశాను. మీ అమ్మ మిషన్ ఆపి చూసింది. "మన వీధిలో పిట్టలెక్కడున్నాయండీ?" అంది. వస్తాయిలే అన్నాను. నీ గదిలో నిలువుటద్దానికి కూడా గీస్తుంటే వెనకే నిలబడి చూసింది. బీరువా అద్దం సంగతి నేను మరిచిపోయాను. పొద్దున లేచి చూస్తే దానికీ గీతలున్నాయి, కుట్టు వేసినంత తిన్నగా, మూడు వేళ్ల ఎడంతో. ఆవిడ వేళ్లు నా వేళ్లకంటే సన్నం కాబట్టి గీతలు ఇంకా దగ్గరగా ఉన్నాయి.

నేను ఎప్పుడూ ఎవర్నీ రమ్మని అడిగినవాణ్ని కాదు. సెలవు దొరికితే ఒకసారి రా తల్లీ. మీ అమ్మ రాత్రుళ్లు నా చొక్కా అంచు పట్టుకుని పడుకుంటోంది.

ఇట్లు,
నేల మీదే ఉన్న
మీ నాన్న