ఏ వీధి నీళ్ళూ తాగను

జూన్ 4, బుధవారం

నాగలాపురం దాటగానే మళ్ళీ బస్సు ఆపారు. టీకాల పెట్టె తెరవమన్నాడు పోలీసాయన. ఐసు, మందు సీసాలు. ఇంకేముంటాయి, నా తలకాయ.

బుధవారం టీకాలకి పోయిన వారం దిగువ వీధి ముందు, ఈ వారం ఎగువ వీధి ముందు. వంతు తప్పితే మాటొస్తుంది. తాగే నీళ్ళు కోవిల్‌పట్టిలో మా ఇంటి నుంచే, బాటిల్లో. తిరునాళ్ళలో రెండు వీధులూ నరుక్కున్నప్పటి నుంచి ఈ ఊళ్ళో ఒకటే లెక్క — ఎవరింట్లో నీళ్ళు తాగితే వాళ్ళ మనిషివి. ఊరి నర్సువైనా సరే. అందుకే ఏ వీధిలోనూ గుటక వెయ్యను.

దిగువ వీధిలో బిడ్డ టీకా కార్డు అడిగితే "కాలిపోయింది అక్కా" అందొకామె. "జాగ్రత్తగా పెట్టుకోవద్దా?" అని కసిరాను. ఆమె ఇంటికి కప్పే లేదు. కాలిన దూలాలు... బస్సెక్కాక కూడా నా మోకాళ్ళ నొప్పి గురించే ఆలోచన.

జూన్ 5

"అన్నీ కండ్లార చూసొస్తివి, అన్నమెట్ల దిగుతుందే నీకు?" — అత్త.

దిగుతోంది. మారు కూడా వడ్డించుకున్నాను. మొదటి నెలంతా ముద్ద దిగక ఏడ్చినదాన్ని. అదే భయంగా ఉంది... కాదు, భయం కూడా లేదు.

ఇది తమిళంలో రాయలేను, ఇంట్లో అందరూ చదివేస్తారు. తెలుగు వీళ్ళకి నోట్లోనే, కంట్లో లేదు. ట్రైనింగులో చిత్తూరమ్మాయి నేర్పిన అక్షరాలే నాకు తలుపు గడియ.

జూన్ 8, ఆదివారం

విరుదునగర్, చిన్నమ్మ ఇల్లు. నూనె పరోటా. "పావం, ఆ ఊరికా పోతుండావు? ఏమాయ, చెప్పు చెప్పు."

చెప్పాను. కాలిన ఇళ్ళు, కేసులకి భయపడి పారిపోయిన మగవాళ్ళు, ఆ కొట్లాటలో కొడుకుని పోగొట్టుకున్న ఎగువ వీధి మారియమ్మ. చూసొచ్చిన సినిమా కథ చెప్పినట్టు. మధ్యలో పరోటా మీదికి ఇంకాస్త సాల్నా పులుసు పోయించుకున్నాను. ఛీ.

జూన్ 11, బుధవారం

దిగువ వీధి పేచ్చియమ్మకి నెలలు నిండాయి. తొలిచూలు. మొగుడు పరారీ. రోడ్డెక్కాలంటే ఎగువ వీధిలోంచే దారి.

"చచ్చినా ఆ వీధిలో కాలు పెట్టను అక్కా."

నొప్పులొస్తే 108కి చెయ్యి, నాకూ చెయ్యి అన్నాను, బస్టాండులో ఊళ్ళ పేర్లు అరిచేవాడిలాగా.

ఎగువ వీధిలో మారియమ్మ ఎప్పటిలాగే — "ఆ వీధిలో అందరూ బాగుండారా?" కొడుకుని చంపిన వీధి అది. ఎత్తిపొడుపు కాక ఇంకేమిటి? బీపీ చూసి, మాత్రలిచ్చి వచ్చేస్తాను.

జూన్ 16, సోమవారం



పొద్దున పేచ్చి ఫోను. ఏడుపే, మాట లేదు. మా ఆయన బండి మీద దింపారు. అప్పటికే 108 ఆమెని ఎక్కించుకుని ఎగువ వీధి మధ్యలో ఆగిపోయి ఉంది. దారికడ్డంగా తుమ్మకంప. చుట్టూ కుర్రాళ్ళు. "వాళ్ళకి మా వీధిలో దారి లేదు." అరిచాను. బతిమాలాను. లోపల పేచ్చి మూలుగు.

మారియమ్మ వచ్చింది. ఉత్త చేతుల్తో కంప లాగుతోంది. ఒక్కడూ ఆమెని ఆపలేకపోయాడు. ఆమె కొడుకు పేరు చెప్పుకునే కదా వాళ్ళు కంప వేసింది! చివరికి తలలు దించుకుని వాళ్ళే తీసేశారు.

ఇంట్లోకెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. మోచేతుల దాకా ముళ్ళ గీతలు. "దానికి నోరెండిపోతుండాది. తాగించు."

పేచ్చి మొహం తిప్పుకుంది. పెదాలు పిడచగట్టినా సరే. "వద్దక్కా... ఏం కలిపిందో."

నేను తాగాను. అందరూ చూస్తుండగా. అప్పుడు తాగింది పిల్ల.

108 కదిలాక పేచ్చి చెయ్యి పట్టుకుని "ఏం కాదమ్మీ, నేనుండా కదా" అంటున్నాను — తెలుగులో! ఆ ఊళ్ళో అందరిదీ తమిళమే, గడప దాటితే నా నోటా అదే. దానికి ఒక్క ముక్క తెలియదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

జూన్ 17

ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. కోవిల్‌పట్టి ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. "చూద్దాం" అంటోంది డాక్టరమ్మ.

దిగువ వీధిలో అప్పుడే మాట పుట్టింది — ఎగువ వీధి నీళ్ళే బిడ్డకి తగిలాయని, నర్సు కూడా వాళ్ళ మనిషేనని. పేచ్చి అత్త నన్ను వార్డు గుమ్మంలోనే ఆపేసింది. "నువ్వు తాగబట్టే కదా అది తాగింది?" బిడ్డకేమైనా అయితే ఈసారి కంపతో ఆగరు. మళ్ళీ కత్తులే.

మధ్యాహ్నం మారియమ్మ ఫోను. "ఆ వీధిలో..." అని ఆగిపోయింది. తరవాత మెల్లిగా, "బిడ్డ?"

నిజంగానే అడిగేదన్న మాట. వారం వారం. ఎత్తిపొడుపనుకున్నానే, పాపిష్టిదాన్ని! నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అవతల ఆమె కూడా ఏడుస్తోంది. ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టలేదు.

అత్త పళ్ళెం ముందు పెట్టింది. ముద్ద దిగలేదు.

రేపు బుధవారం. ఎగువ వీధి వంతు ముందు. అక్కడికి ముందు వెళితే దిగువ వీధి తలుపులు తెరుస్తుందా? వంతు మారిస్తే మారియమ్మకి ఏం మొహం చూపించను? భయంగా ఉంది... ఎన్నాళ్ళకి.

అత్త రేపటికి నీళ్ళ బాటిల్ నింపి గడప దగ్గర పెట్టింది. ఇంకా సంచిలో పెట్టుకోలేదు.