తోటకూర, రెండో రకం

ఏప్రిల్ 23

సెలవుల్లో బడి తోట నా నెత్తిన పడింది. సైన్స్ టీచర్ ప్రసవానికి సెలవు పెట్టింది. నేను లెక్కల టీచర్ని. ఇల్లు దగ్గరని హెడ్‌మాస్టర్ నన్నే పట్టుకున్నారు. ఆయన ముందు నాకు తల అడ్డంగా ఊగదు.

ఏప్రిల్ 29

మొలకలొచ్చాయి. నీళ్లు పోయడానికి ఆరో తరగతి పిల్ల ఒక్కతే వస్తోంది. అమ్మానాన్నా లేరు, అమ్మమ్మే. ఆవిడకి మొన్ననే కంటి ఆపరేషన్ అయిందట, వంట కూడా ఈ పిల్లే చేస్తోందట. ఎవరు నీళ్లు పోస్తే మొదటి కోత వాళ్లదే అని సైన్స్ టీచర్ పెట్టిన రూలు. అమ్మమ్మకి తోటకూర ప్రాణమని, అందుకే వస్తున్నానని పిల్ల దాపరికం లేకుండా చెప్పింది.

మే 9

తోటకూర మడిలో నాలుగు మొక్కలు వేరేగా ఉన్నాయి. ఆకులు వెడల్పు, అంచులు వంకరటింకర. ఇవేంటి టీచర్ అని పిల్ల అడిగింది. తెలియదనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఇరవై రెండేళ్లలో పిల్లల ముందు ఆ మాట అనలేదు. ఇదీ తోటకూరేనమ్మా, రెండో రకం అన్నాను. పిల్ల వెంటనే ఆ పేరే అట్టముక్క మీద గుండ్రంగా రాసి మడిలో గుచ్చింది.

ఇంటికొచ్చి ఫోన్లో వెతుకుదామనుకున్నాను. మరిచిపోయాను. కాదు, మరిచిపోలేదు. వెతికితే తెలిసిపోతుందని భయం.

మే 20

ఎండలకి రెండు మళ్లు మాడిపోయాయి. గేటు సందులోంచి మేకలు దూరి తోటకూర సగం మేసేశాయి. రెండో రకాన్ని మాత్రం వాసన చూసి వదిలేశాయి. అది నా మోకాలిదాకా వచ్చింది. దాని పక్కన నిలబడాలంటే ఎందుకో గుబులుగా ఉంటోంది.

జూన్ 3

మొదటి కోత. మేకలు మిగిల్చిన తోటకూరతో సంచి నిండలేదు. పిల్ల రెండో రకం లేతాకులు కూడా తుంచి వేసుకుంది. నేను అక్కడే ఉన్నాను. మేకల సంగతి గుర్తొచ్చింది. అయినా సంచి మూతి నేనే ముడేసిచ్చాను.

జూన్ 4, ఉదయం 8

పిల్ల రాలేదు.

9.30

రెండో రకం పూసింది. తెల్లగా, పొడుగ్గా, గరాటులా. వాచ్‌మన్ భార్య బిందె దించి నవ్వింది. ఉమ్మెత్తని ఇంత ముద్దుగా పెంచుతున్నారేంటి టీచరమ్మా, మందుకా అంది. చేతిలో పైపు జారిపోయింది. చీరంతా తడిసింది.

10.15

పిల్ల ఇంటి ఫోన్ స్విచాఫ్. పరిగెత్తాను. తాళం. నిన్న మధ్యాహ్నం అన్నం తిన్న గంటకి ముసలమ్మ గోడతో మాట్లాడ్డం మొదలుపెట్టిందని పక్కింటావిడ చెప్పింది. గాల్లో దారాలు ఏరుతోందట. ఆస్పత్రిలో మెదడుకి ఏదో అయిందంటున్నారట. పిల్ల బాగానే ఉందట. అది ఆకుకూర ముట్టదని నాకు ముందే చెప్పింది.

10.50

రోడ్డు మీద నిలబడి ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఆవిడ తిన్నది ఉమ్మెత్తాకు అని చెప్పాను. మీరెవరని నర్స్ అడిగింది. పెట్టేశాను.

బడికి తిరిగొచ్చి నాలుగు మొక్కలూ పీకాను. ఎండుటాకులు పోగేసి, అట్టముక్కతో సహా తగలబెట్టాను. పొగ పీలిస్తే ప్రమాదమేమోనని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. నా ప్రాణమంటే నాకెంత తీపో.

జూన్ 6

ముసలమ్మ గండం గడిచింది. మనుషుల్ని గుర్తుపడుతోంది. వార్డు బయట పిల్ల మేనమామ ఉన్నాడు. ఇంకాస్తుంటే మా అమ్మని చంపేసేది, దీన్ని తీసుకెళ్లి హాస్టల్లో పడేస్తానంటున్నాడు. ఆయన ఎవరితో ఏమన్నా నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నిలబడ్డాను.

పిల్ల నన్ను చూసి ఏడుస్తూ వచ్చింది. మీరు చూపించింది కాకుండా గట్టుమీద ఇంకేదో కోసేసుంటాను టీచర్ అంది. నన్ను కాపాడుతోందనుకున్నాను. కాదు, నిజంగానే అలా అనుకుంటోంది. నేను తప్పు చెబుతానన్నది దాని ఊహకే అందలేదు.

వీపు నిమిరాను. జాగ్రత్తగా చూసుకోవాలి కదమ్మా అన్నాను.

జూన్ 8

చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది.

జూన్ 9, ఉదయం 7

వాళ్లింటి ముందు ఆటో ఉంది. పిల్ల పెట్టె ఎక్కిస్తున్నారు. లోపల్నుంచి ముసలమ్మ ఏడుపు. మేనమామకి ఎదురెళ్లి చెప్పేశాను. తెలియక తోటకూరన్నది నేనేనని, ఆ మొక్కల్ని కాల్చేసింది కూడా నేనేనని.

కాదు మామయ్యా, నన్ను పంపించకుండా ఉండాలని టీచర్ తప్పు తనమీద వేసుకుంటున్నారు అంది పిల్ల.

ఆయన దాన్నే నమ్మాడు. పెట్టె ఆటోలోనే ఉంది. కళ్లు తుడుచుకుని, నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.