నాన్న కోటు చూసి ఆడే పక్షి

చనిపోయిన నాన్న బూడిదరంగు కోటు నాకు తొడిగించి ఆ టైలరమ్మను మోసం చేశావు. ఫోన్ చేస్తే నవ్వేసి మాట మారుస్తావు, అందుకే కాగితం మీద పెట్టి పట్నంలో ఉన్న నీకు మేత లారీ అతనితో పంపుతున్నాను.

ఆ రోజు ఏమన్నావు? "ఊరికే దొడ్లోకెళ్ళి నిలబడవే, కోటు చూస్తే మగది హుషారవుతుంది" అన్నావు. నిలబడ్డాను. మగ నిప్పుకోడి నా ముందు కూలబడి, రెక్కలు రెండూ పరిచి, మెడను ఇటూ అటూ ఊపుతూ ఆడింది. కంచె బయట నువ్వు టైలరమ్మతో, "చూశారా అమ్మా, జతకట్టడానికి ఎంత తొందరో! ఏడాది తిరిగేసరికి మీ దొడ్డి నిండా పిల్లలే" అంటున్నావు. ఆవిడ కుట్టుమిషన్లన్నీ అమ్మేసి ఆ జంటను తోలుకెళ్ళింది.

నిన్న వచ్చింది. తువ్వాల్లో చుట్టిన గుడ్డును పసిబిడ్డలా గుండెకు ఆనించుకుని వచ్చింది. "లోపల ముక్కుతో పొడుస్తోంది పాపా, నువ్వూ విను" అంది. చెవి పెట్టాను. ఏమీ లేదు. చీకటి గదిలో పెద్ద దీపం మీద పెట్టి చూపించాను. పిల్ల ఉంటే నల్లగా నీడ పడాలి. అది మాత్రం ఎవరూ లేని ఇంట్లో లైటు వేసి వదిలేసినట్టు వెలిగింది. "ఎంత బాగుందో" అంది ఆవిడ. ఖాళీదని చెప్పకుండానే గుడ్డును తువ్వాల్లో చుట్టి ఇచ్చేశాను.

ఆవిడ వెళ్ళాక పొదిగే గదిలో ఉన్న మన గుడ్లన్నీ దీపం మీద పెట్టాను. అన్నీ అంతే. బడి మానేసినదాన్నయినా చదవడం మానలేదు నేను. లైబ్రరీ నుంచి పక్షుల పుస్తకం తెచ్చుకుని, అర్థంకాని మాటల్ని నిఘంటువులో వెతుక్కుంటూ చదివాను. మనుషుల మధ్య పెరిగిన నిప్పుకోడికి మనిషే తన జాతి అనిపిస్తుందట. పెద్దయ్యాక జత కోసం మనిషి చుట్టూనే తిరుగుతుందట. మన పిల్లలన్నీ నాన్న మంచం కింద, ఆ కోటు అంచుల్లో దూరి పడుకునే పెరిగాయి కదా! ఆ ఆట పెట్ట కోసం కాదు, నాన్న కోసం. నాకు తెలియకుండానే ఆయన దయ్యాన్నై దాని ముందు నిలబడ్డాను.

ఇక్కడ మిగిలిన మగవి పొద్దు వాలితే కంచె దగ్గర చేరి, మన తలుపు వైపే చూస్తూ, గొంతులు ఉబ్బించి మూలుగుతున్నాయి. బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు ఉంటుంది ఆ మూలుగు. తలుపు తియ్యాలంటే భయమేస్తోంది.

నీకు ముందే తెలుసా, తెలియదా? ఒక్క ముక్కలో చెప్పు.

నీ చెల్లెలు

*

ప్రియమైన పిడుగుకి,

కోపం చల్లారాక చదువు. చల్లారదని తెలుసు, అయినా చదువు.

తెలుసు. ఒక్క ముక్కలో అడిగావు, చెప్పాను.

ఇక కోడిగుడ్డు మీద ఈకలు పీకడం ఆపి నా మాట విను. నిప్పుకోడి అంటే పిల్లలొక్కటేనా? దాని తోలంటే బ్యాగుల కంపెనీలు ఎగబడతాయి. మాంసంలో కొవ్వు తక్కువని హోటళ్ళవాళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. ఈకలకు బేరం ఉంది, నూనెకు బేరం ఉంది, చివరికి ఖాళీ పెంకు మీద బొమ్మలేసి అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు. ఇందులో ఒక్కటి అబద్ధమైతే చెప్పు, చెవి కోయించుకుంటాను. వ్యాపారం నిజమే చెల్లీ, చెడింది మన మంద. బయటి నుంచి మంచి మందను తెచ్చేదాకా దొడ్డి నిలబడాలి, అంతే.

ఇంకో మాట. నాన్నకీ తెలుసు. చివరి రోజుల్లో కోటు విప్పేసి, రేకుల గోడ చాటు నుంచి మేత పోసేవాడు, గుర్తుందా? ఆయనకు పక్షులంటే విసుగొచ్చిందని నువ్వు దెబ్బలాడావు. విసుగు కాదే. తనను మరిచిపోతే పెట్టల వైపు తిరుగుతాయేమోనని దాక్కునేవాడు. "నేను కనబడకుండా పోతేనేరా ఇవి బాగుపడేది" అనేవాడు. పోయాడు. అవి మాత్రం మరవలేదు. నన్నేం చెయ్యమంటావు?

టైలరమ్మ దగ్గర మగది మేత ముట్టడం లేదంటే మొన్న ఇంటికొచ్చినప్పుడు నీకు చెప్పకుండా కోటు తీసి పంపాను. బీరువాలో వెతక్కు. ఆదివారం కొనేవాళ్ళు ఇద్దరు వస్తున్నారు. నాన్న పాత చొక్కా ఏదో ఒకటి వేసుకుని కాసేపు నిలబడు. మా పిడుగువి కదూ!

ప్రేమతో,
మీ అన్నయ్య

*

నాన్న దాక్కుంటే నువ్వు బయటికి లాక్కొచ్చావు. నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ నేనూ రేకుల గోడ చాటు నుంచే మేత పోస్తున్నాను. ఆయన నిలబడిన చోటే నిలబడి, ఆయనతో దెబ్బలాడినందుకు ఏడ్చాను.

నిజం చెప్పేద్దామని టైలరమ్మ ఇంటికెళ్ళాను. వాకిట్లో అడుగు పెట్టేసరికి, వెనక దొడ్లో నాన్న నడుస్తున్నాడు. అదే బూడిదరంగు వీపు. "నాన్నా!" అనేశాను. తిరిగి చూసింది టైలరమ్మ. కోటును తన కొలతకు కుట్టుకుంది. ఎదురుగా మగది రెక్కలు పరిచి ఆడుతోంది. కంచె బయట ఆవిడ మరిదీ, పక్కింటి డ్రైవరూ నోరు వెళ్ళబెట్టి చూస్తున్నారు.

"చూశారా, ఎంత తొందరో! పుట్టబోయే పిల్లల కోసం ఇప్పుడే మాటిచ్చేయండి, తరవాత కావాలన్నా దొరకవు" అంటోందావిడ. నీ మాటలే, నీ సాగదీతే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట!

పక్కకు లాగి, "అక్కా, గుడ్లు ఖాళీవి" అన్నాను.

"తెలుసు. నీ దీపం దగ్గరే తెలిసింది. నువ్వు నోరు విప్పుతావేమోనని చూశాను. విప్పలేదు. ఇప్పుడు నేనెందుకు విప్పాలి?"

"వాళ్ళు నీవాళ్ళు కదక్కా!"

"నేను పరాయిదాన్ననేగా మీరు నాకు అంటగట్టారు? నాకు పరాయివాళ్ళెవరూ తెలియదు పాపా. ఉన్నవాళ్ళతోనే కానిస్తున్నా."

కోటు గుండీలు సవరించుకుంటూ మళ్ళీ దొడ్లోకి నడిచింది. మరిది దగ్గరికెళ్ళి అదే మాట చెప్పాను. నవ్వాడు. "పోటీ లేకుండా చేసుకుందామనా అమ్మాయ్? కళ్ళారా చూస్తుంటే!" అన్నాడు. తన వ్యాను అమ్మకానికి పెట్టేశాడు. శనివారం అది చెయ్యి మారుతుంది. ఆ తరవాత పిల్లలు రాక, డబ్బుకు బదులు ఆ జంటనే తోలుకెళ్ళి అతనూ ఒక కోటు కుట్టించుకుంటాడు. అతని ముందు నిలబడేదెవరో, వాళ్ళు ఎవరికి అంటగడతారో నువ్వే లెక్కేసుకో. నాన్న ఒక్కొక్క దొడ్లో లేచి తిరుగుతూనే ఉంటాడు.

నా మాట ఎవరూ నమ్మరు. అమ్మినవాడివి నువ్వు, నువ్వు చెబితేనే నమ్ముతారు. శుక్రవారం పొద్దు వాలకముందే వచ్చి, ఆ మరిది ఎదుటా ఆ డ్రైవరు ఎదుటా నీ చేత్తో గుడ్డు పగలగొట్టు. "ఇందులో ఏమీ లేదు, ఉండదు, నాకు ముందే తెలుసు" అని నీ నోటితో చెప్పు. టైలరమ్మ అమ్మేసిన మిషన్లు తిరిగి కొని ఆవిడకు చేర్చు. ఆదివారం వాళ్ళను రావద్దను. నేను ఆ చొక్కా వెయ్యను.

వస్తున్నావో లేదో రాసి లారీ అతని చేతికివ్వు. గురువారం మధ్యాహ్నం మేత దించేసరికి జవాబు నా చేతిలో ఉండాలి.