దత్తు పోయినవాని రక్తం

ఆళ్ళగడ్డ, 3 జూన్ 2008

చెల్లెలు గౌరమ్మకు, అంగట్లో గల్లాపెట్టె ముందు కూర్చుని అన్న మల్లికార్జున రాసే దీవెనలు.

ఫోన్లో చెబితే బేరానికొచ్చినవాళ్ళంతా వింటారని రాస్తున్నాను. నాకు ప్రోస్టేట్ క్యాన్సరట. తొందరగానే దొరికింది, భయపడవద్దు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా?" అని హైదరాబాదు డాక్టరు అడిగాడు. మా నాయన తొంభై ఏళ్ళకూ చెరుకు నమిలాడనీ, మా తాత గుర్రమెక్కి అహోబిలం పోయేవాడనీ చెప్పాను. (అది గుర్రం కాదు, గాడిద. ఆ కథ వేరు.)

నీ అన్న,
మల్లికార్జున

తా.క. ఆడవాళ్ళ రోగాలు కూడా అడిగాడు. వాళ్ళకు ఈ ప్రోస్టేట్ గ్రంథే లేదు కదా! పాపం, కుర్ర డాక్టరు.

నంద్యాల, 9 జూన్

అన్నకు గౌరమ్మ నమస్కారాలు.

నువ్వు చెప్పింది ఎవరి కథ? చెరుకు నమిలింది నిన్ను దత్తు తీసుకున్నాయన. నిన్నూ నన్నూ కన్న నాయన మిడుతూరులో ఒంటికి పోలేక, నడుము ఎముకలు పీకి, అరవై నిండకుండానే పోయాడు. ఆయన చెల్లెలు ఎర్రమ్మత్త రొమ్ములో గడ్డతో పోయింది. ఈ రెండూ డాక్టరుకు చెప్పు.

నీ చెల్లెలు,
గౌరమ్మ

తా.క. నిన్ను ఇచ్చేటప్పుడు గోత్రం మార్చారు గానీ ముక్కు మార్చలేదు. అద్దంలో చూసుకో.

ఆళ్ళగడ్డ, 2 సెప్టెంబరు

గౌరమ్మకు దీవెనలు.

దత్తు హోమం చేసి తెంచిన సంబంధమని డాక్టరుతో వాదించాను. కన్న నాయన పోయినప్పుడు కూడా నేను మైల పట్టకుండా స్నానం చేసి ఊరుకున్నవాణ్ణే కదా! డాక్టరు నవ్వలేదు. నర్సు మాత్రం బయటికి పోయి నవ్వి వచ్చింది. రక్తం తీసి చూస్తే, పుట్టుకతో వచ్చిన జన్యువులో ఒక మార్పు ఉందట. నాయన వైపు నుంచే వచ్చి ఉండాలన్నాడు. అది ఉంటే మగవాళ్ళకు ఈ క్యాన్సరు, ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సరు వచ్చే ముప్పు ఎక్కువట. తోడబుట్టినవాళ్ళకు ఉండటానికీ లేకపోవడానికీ సగం సగం అవకాశం. మిడుతూరులో మన తమ్ముడు చెంచయ్య మాటిమాటికీ ఒంటికి లేస్తున్నాడని మొన్న అన్నావు. వాణ్ణి పరీక్షకు పంపించు.

నీ అన్న

తా.క. మా కొడుకు జయంత్‌తో పాటు కూతురు యామినినీ తీసుకురమ్మన్నాడు డాక్టరు. "పెండ్లయి దాని ఇంటిపేరు మారింది గదయ్యా" అన్నాను. నర్సు మళ్ళీ బయటికి పోయింది.

నంద్యాల, 14 సెప్టెంబరు

అన్నకు నమస్కారాలు.

మిడుతూరు పోయి చెప్పాను. తమ్ముడు మొదట నీకోసం ఏడ్చాడు. రక్తపరీక్ష అనగానే ముఖం మాడ్చుకున్నాడు. "ఏందక్కా, ఇన్నేండ్లకు అన్నకు మేం గుర్తొస్తిమా? రక్తం కలిస్తే కోర్టుకు పోయి, నేనూ నాయన కొడుకునే అంటాడు. కాలవ కింది చేన్లో సగం గుంజుకుంటాడు. సూది గుచ్చనీయను పో!" అన్నాడు. పట్టా పుస్తకం తీసుకుపోయి బియ్యం డబ్బాలో దాచాడు. ఇంక నువ్వే రావాల.

గౌరమ్మ

తా.క. ఆ డబ్బా దగ్గరికి ఎవర్నీ పోనీయలేదు. రెండు పూటలా ఉప్మానే.

ఆళ్ళగడ్డ, 7 డిసెంబరు

గౌరమ్మకు దీవెనలు.

మాట చాలదని, 'మిడుతూరు చేన్లో నాకు భాగం లేదు, అడగను' అని స్టాంపు కాగితం మీద రాసుకునే పోయాను కదా. చెంచయ్య దాన్ని ఇద్దరితో చదివించుకుని, "నొప్పి పెట్టదు గదన్నా?" అంటూ చొక్కా చేయి మడిచాడు. నిన్న ఫలితం వచ్చింది. చెంచయ్యకు ఆ మార్పు లేదు. వాడిది వయసుతో గ్రంథి ఉబ్బడమేనట, మాత్రలిచ్చారు. ఇక మిగిలింది నువ్వు. బుధవారం నంద్యాల వస్తాను. అందరినీ పరీక్షకు తరిమి నువ్వు దాక్కుంటే ఊరుకోను.

నీ అన్న,
మల్లికార్జున

తా.క. ఫలితం వినగానే సంతోషిస్తాడనుకున్నాను. మంచం మీద కూలబడి, "ఇంట్లో ఉండి చాకిరీ చేసిన నాకేమీ ఇయ్యలా! దత్తు పోయినోనికి మాత్రం ఇచ్చిపోయినాడా నాయన?" అన్నాడు. "కావాలంటే సగం తీసుకో రా" అన్నాను. నన్ను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.